కొండెక్కించే బాబాయ్

విశాఖపట్నంలో చుట్టాలున్నవాళ్లకి హోటలు ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలిన సొమ్ముకి బదులు బాబాయ్‌ని భరించాలి. సొంత బాబాయే కానక్కర్లేదు. నాన్నకి పెదనాన్న కొడుకు కావచ్చు, అమ్మకి పినతల్లి అల్లుడు కావచ్చు, నాన్నతో కలిసి ఇంటర్ తప్పినవాడూ కావచ్చు. పోర్టులోనో, డాక్‌యార్డులోనో, షిప్‌యార్డులోనో ముప్పై అయిదేళ్లు చాకిరీ చేసి రిటైరై ఉంటాడు. ఆ మర్నాటి నుంచి ఊళ్లోకి వచ్చిన ప్రతివాడికీ హార్బరు చూపించడం అతని రెండో ఉద్యోగం. దీనికి జీతం లేదు, సెలవు లేదు, పైఅధికారి అంతకన్నా లేడు. అందుకే మొదటి ఉద్యోగం కంటే శ్రద్ధగా చేస్తాడు.

మీరు అరకు చూద్దామని వచ్చి ఉంటారు. బొర్రా గుహలకి కారు కూడా మాట్లాడుకుని ఉంటారు. బాబాయ్ సాగనివ్వడు.

"అరకు ఎక్కడికీ పారిపోదురా. ముందు హార్బరు చూడండి. అదీ కొండెక్కి చూడాల. కిందనించి చూస్తే ఏటుంటాది? క్రేన్లుంటాయి."

పొద్దున్న అయిదింటికల్లా దుప్పట్లు లాగేస్తాడు. ఎండెక్కితే ఓడలన్నీ ఆవిరైపోతాయన్నంత తొందర. నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్లు, చేతిలో గొడుగు. బైనాక్యులర్లు ఎప్పుడో ఒక రష్యా నావికుడు ముచ్చటపడి ఇచ్చాడంటాడు. పూర్ణా మార్కెట్లో బేరమాడి కొన్నామని పిన్ని అంటుంది. వాటిలో ఒక వైపు అద్దానికి బూజు పట్టింది కాబట్టి ఒంటికన్నుతోనే చూడాలి. గొడుగు ఎండకీ కాదు, వానకీ కాదు. అది చూపుడుకర్ర. దాని కొస ఎటు తిరిగితే చరిత్ర అటు నడుస్తుంది.

వన్‌టౌన్‌లో హార్బరు ముఖద్వారాన్ని ఆనుకుని మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకొకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. కాలువకి అవతలి గట్టున ఏనుగంత నల్లగా డాల్ఫిన్ నోస్ కొండ. మధ్యనున్న ఇరుకు దారిలోంచే ఓడలు లోపలి హార్బరుకి వెళ్లాలి. మీరు ఏ మతంవాళ్లని బాబాయ్ అడగడు. మూడు కొండలూ ఎక్కించేస్తాడు. మూడుచోట్లా చెప్పులు విప్పిస్తాడు, మూడుచోట్లా దణ్ణం పెట్టిస్తాడు, మూడుచోట్లా వెంటనే సముద్రం వైపు తిప్పేస్తాడు. "ముగ్గురూ స్థలం బాగా చూసుకున్నార్రా" అని దేవుళ్లని మెచ్చుకుంటాడు.

చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. రాస్ అనే ఆయన 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆ ఇల్లే ప్రార్థనామందిరమైంది. ఇది రెండు ముక్కల్లో తేలిపోయే సంగతి. రెండు ముక్కల్లో తేల్చేస్తే కొండెక్కిన ఆయాసం ఏం కావాలి? అందుకని రాస్ దొర రోజూ రాత్రి ఇంటి అరుగు మీద నిలబడి దారి తప్పిన ఓడలకి టార్చిలైటు కొట్టేవాడని బాబాయ్ చెబుతాడు.

"1864లో టార్చిలైటు ఎక్కడిది బాబాయ్?"

"దొరల దగ్గర అన్నీ మనకంటే ముందే ఉంటాయిరా."

బాబాయ్ చరిత్రలో దొర అంటే ఒక్కడే. డచ్చివాడైనా, ఫ్రెంచివాడైనా, ఇంగ్లీషువాడైనా పేరు మారుతుంది గాని మనిషి మారడు. అతనికి ముందు పొగరుంటుంది, తర్వాత కల వస్తుంది, ఆ తర్వాత గుడి కడతాడు. వెంకటేశ్వరస్వామి గుడి 1866లో బ్లాక్‌మోర్ అనే కెప్టెన్ కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. బాబాయ్ ఆ కెప్టెన్ కలలోకి కూడా వెళ్లి వచ్చాడు. స్వామి ఏ రంగు పట్టుపంచెలో కనిపించాడో, ఇంగ్లీషులో మాట్లాడాడో తెలుగులో మాట్లాడాడో అన్నీ తెలుసు. తెలుగులోనే మాట్లాడాడట. దొరకి అర్థమైందట. అదే మహిమట.

ఇక పరీక్ష. గొడుగు డాల్ఫిన్ నోస్ వైపు లేస్తుంది. "కనపడిందా ముక్కు?" అంటాడు. పిల్లలు తల అడ్డంగా తిప్పి చూస్తారు, నిలువుగా తిప్పి చూస్తారు. పెద్దవాళ్లు ఆ బాధ పడలేక కనపడిందనేస్తారు. కనపడలేదన్నవాళ్లని బాబాయ్ రెండడుగులు ఎడమకి జరుపుతాడు, ఒకడుగు వెనక్కి లాగుతాడు, ఒంటికన్ను బైనాక్యులర్లు ఇస్తాడు. అప్పటికీ కనపడకపోతే కళ్ల డాక్టరు పేరు చెబుతాడు. ఆ డాక్టరు కూడా బంధువే.

డాల్ఫిన్ నోస్ అడ్డంగా ఉన్నంతకాలం విశాఖకి తుఫాను రాదన్నది బాబాయ్ మొదటి సిద్ధాంతం. ఇది ఆయన ఒక్కడిదే అని నవ్వడానికి లేదు. ఊరు ఊరంతా ఏళ్ల తరబడి నమ్మిన మాట ఇది. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాన్లు కాకినాడకో, ఒడిశాకో పోతూంటే కొండ వైపు చూసి దణ్ణం పెట్టుకునేవాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ కొండని లెక్కచెయ్యకుండా తిన్నగా ఊరి మీదికొచ్చింది. చెట్లు కూలిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. బాబాయ్ రెండు రోజులు మాట్లాడలేదని పిన్ని చెప్పింది. మూడోనాడు కొత్త సిద్ధాంతంతో బయటికొచ్చాడు.

"కొండ ఉంది కాబట్టి ఇంతటితో పోయింది. కొండే లేకపోతే ఊరు ఉండేదా?"

ఈ వాదాన్ని ఇంతవరకూ ఎవరూ పడగొట్టలేకపోయారు. కొండని తీసేసి చూపించాలి కదా మరి.

ఘాజీ కథ దగ్గరికొచ్చేసరికి బాబాయ్ గొంతు తగ్గుతుంది. అటూ ఇటూ చూస్తాడు. "డిఫెన్సు ఏరియా, ఫొటోలు తియ్యకండి" అని హెచ్చరిస్తాడు. చుట్టూ నలభైమంది సెల్ఫీలు తీసుకుంటూంటారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. అది ఒకప్పుడు అమెరికా వాళ్ల డయాబ్లో. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది గాని విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్లిపోయింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన పేలుడు గుండ్లకి మునిగిందని మనవాళ్లు, తాను పరిచిన మైన్లకి తానే బలైందని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. రెండు దేశాల నౌకాదళాలు తేల్చుకోని విషయాన్ని బాబాయ్ నిమిషంలో తేల్చేస్తాడు.

"బీచిలో ఉందే, కుర్సురా సబ్‌మెరైను, అదే ముంచింది. ఆ సంతోషంతోనే ఒడ్డుకి లాగి మ్యూజియం చేసేరు."

కుర్సురా 1971 యుద్ధమప్పుడు అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు కొలువు చేసి 2001లో సెలవు తీసుకుంది, 2002లో బీచి ఒడ్డున మ్యూజియమైంది. ఫోను చూసి ఈ సంగతి చదివిన హైదరాబాదు మేనల్లుడికి బాబాయ్ ఇచ్చే జవాబు ఒక్కటే.

"గూగులు ఎప్పుడు పుట్టిందిరా? నేనెప్పుడు పుట్టేను? ఆ రాత్రి దాని పేలుడు నా చెవుల్తో విన్నాను. మా వంటింట్లో గిన్నెలు గలగలమని దొర్లిపోయేయి."

నీడలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతున్న పిన్ని అక్కణ్ణించే అందుకుంటుంది. "ఆ ఏడు మీరు రాజమండ్రి హాస్టల్లో ఉన్నారు కదండీ."

"సెలవులకొచ్చేను."

"డిసెంబరు మూడున ఏం సెలవులండీ?"

"యుద్ధం సెలవులు."

"యుద్ధం మొదలైందే ఆ సాయంత్రం కదా బాబాయ్" అంటాడు మేనల్లుడు ఫోనులోంచి తలెత్తకుండా.

బాబాయ్ గొడుగు ఇంకో వైపు తిప్పేస్తాడు. ఓడిపోయిన చోట నిలబడకుండా ఇంకో శతాబ్దానికి వెళ్లిపోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

వెళ్లిన చోట సింధియా ఉంటుంది. డాక్‌యార్డు దాటాక వచ్చే ఆ ప్రాంతానికి ఓడల కంపెనీ పేరు అలాగే అతుక్కుపోయింది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ అక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టాడు. అక్కడ కట్టిన జలఉషని 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దించాడు. ఆ రోజు నెహ్రూ మెడలో మొదటి దండ వేసింది తన తండ్రి అని బాబాయ్ చెబుతాడు. విశాఖలో ప్రతి బాబాయ్ తండ్రీ వేశాడు. ఆ మొదటి దండలన్నీ నిజమైతే నెహ్రూ ఢిల్లీకి మెడ వంచుకుని వెళ్లి ఉండాలి.

హార్బరు పుట్టుక మాత్రం బాబాయ్ పెద్దగా చెప్పడు, ఎందుకంటే అందులో కలలు లేవు. ఉన్నదంతా బురద. ఇప్పుడు ఓడలు తిరిగే చోట ఒకప్పుడు మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే ఉప్పునేల, పర్ర. మధ్యపరగణాల మాంగనీసు బయటి దేశాలకి పంపడానికి బెంగాల్ నాగపూర్ రైల్వేకి ఒక రేవు కావలసి వచ్చింది. ఆ పర్రని తవ్వి లోతు చేశారు. ముఖద్వారం ఇసకతో పూడిపోకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఇదంతా బాబాయ్‌కి చప్పగా ఉంటుంది. అందుకని ఆ ముంచిన ఓడల్లో బంగారం ఉందంటాడు.

"ముంచేవాడు బంగారం పెట్టి ముంచుతాడా?" అంటుంది పిన్ని.

ఇంత కల్పించగలిగిన మనిషికి ఎదురుగా ఉన్న అసలు కథలు కొన్ని తెలియకపోవడం ఒక విచిత్రం. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి సేనాని లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి ఈ తీరంలో లంగరు వేసి ఉన్న ఇంగ్లీషు నౌక సెంచూరియన్ మీద పడ్డాడు. ఒడ్డు మీది ఫిరంగులు కూడా గర్జించాయి. సెంచూరియన్ బతికి బయటపడింది. దాని అండన ఉన్న రెండు వర్తక నౌకల్లో ఒకటి ఫ్రెంచివాళ్లకి చిక్కింది, ఇంకొకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఈ సంగతి ఒక బాబాయ్‌కి నేనే చెప్పాను. "తెల్సు" అన్నాడు మొహం తిప్పుకుని. తర్వాత ఎప్పుడో మళ్లీ ఆ కొండెక్కితే, భిలాయి నుంచి వచ్చిన ఒక కుటుంబానికి ఆయన గొడుగెత్తి చెబుతున్నాడు. మూడు ఫ్రెంచి ఓడలు వచ్చేయట. ఆ పొద్దున్న ఆయన ముత్తాతకి ముత్తాత వల వేసుకుని కూర్చున్నాడట. ఫిరంగి గుండొకటి వచ్చి తిన్నగా వలలో పడిందట. చేపలన్నీ అక్కడికక్కడే ఉడికిపోయాయట.

జపాన్ బాంబుల సంగతి కూడా అంతే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. దానికి ఏమీ కలపనక్కర్లేదు. అయినా ఒక బాంబు వాళ్ల పెరట్లో తులసికోట పక్కన పడి పేలలేదని బాబాయ్ చెప్పి తీరాలి. తులసమ్మ మహిమ.

ఇదంతా చదివి బాబాయ్ అబద్ధాలకోరని తీర్మానించకండి. నేను చెబుతున్న ఈ బాబాయ్ పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే మూటలూ పెట్టెలూ లెక్కపెట్టి రాసే పని. అక్కడ ఒక్క మూట తేడా వచ్చినా సంతకం పెట్టేవాడు కాదు. ఓడ కెప్టెను అరిచినా, ఏజెంటు కాఫీ తెప్పించినా మళ్లీ మొదటి నుంచి లెక్క. మూటల్లో ఒకటి తప్పనివాడు ఏళ్లలో వంద అటూ ఇటూ ఎందుకు చేస్తాడన్నది నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

ఒకసారి ఆ కొండ మీద ఉండగానే కాలువలోకి ఒక పెద్ద ఓడ వచ్చింది. ముందొక టగ్గు, వెనకొక టగ్గు. మేనల్లుడి కూతురు అడిగింది, ఓడ కింద సగం ఎర్రగా ఎందుకుంది తాతయ్యా అని. బాబాయ్ గొడుగు లేవలేదు. గొంతు తగ్గలేదు, పెరగలేదు.

"అది ఖాళీ ఓడమ్మా. నాచూ గుల్లలూ పట్టకుండా అడుగుకి ఎర్ర రంగు వేస్తారు. సరుకుంటే ఆ ఎరుపంతా నీళ్లలో మునిగిపోద్ది. ఎరుపు పైకి తేలిందంటే సరుకెత్తుకోడానికి వస్తున్నట్టు. పైన తెలుపూ ఎరుపూ జెండా ఉంది చూడు, మన పైలట్ ఎక్కేడని గుర్తు. ఎంత గొప్ప కెప్టెనైనా ఈ కాలవలోకి వస్తే ఇక్కడి పైలట్ చెప్పినట్టు వినాల. ఒట్టి ఎర్ర జెండా కట్టేరనుకో, లోపల పేలేదో మండేదో ఉంది."

ఆ పిల్ల ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. బాబాయ్ చెబుతూ పోయాడు. ఈ తీరంలో ఇసక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుందని, హార్బరు గోడలు దాన్ని ఆపేస్తే అవతలి బీచి కోసుకుపోతుందని, అందుకే డ్రెడ్జరుతో ఇసక తోడి బీచి వైపు పోస్తారని చెప్పాడు. బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస లైను మీద కొండలు దిగి వచ్చి జపాను వెళ్లేదని, అంత పెద్ద ఓడలు లోపలికి పట్టక 1976లో బయటి హార్బరు తెరిచారని చెప్పాడు. ఒక్క దొర లేడు, ఒక్క కల లేదు. ఒక్క సంవత్సరమూ తప్పలేదు. పిన్ని కూడా అడ్డురాలేదు. పైగా ఒక మాట కలిపింది.

"ఈయన ఇంటికొస్తే ఏ ఓడొచ్చిందో చొక్కా చూసి చెప్పేదాన్నే. ఎర్రగా ఉంటే ఇనుము రాయి, నల్లగా ఉంటే మాంగనీసు, పచ్చగా ఉంటే గంధకం. గంధకం రోజున బట్టలు విడిగా నానబెట్టేదాన్ని. పిల్లల పెళ్లిళ్లయ్యేదాకా ఈయనకి తెల్ల చొక్కా కొనలేదు."

"అవన్నీ ఎందుకే ఇప్పుడు" అని బాబాయ్ సిగ్గుపడ్డాడు. వెంటనే గొడుగెత్తి, "చరిత్ర చెబుతా వినండి" అని మళ్లీ రాస్ దొర దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసింది నాకు ఆయన లెక్క. చరిత్ర అంటే దొరలూ రాజులూ దేవుళ్లూ చేసేదని, జీతం తీసుకుని మూటలు లెక్కపెట్టినవాడికి అందులో చోటుండదని ఆయన నమ్మకం. ఆ చోటు కోసమే తండ్రి చేత నెహ్రూకి దండ వేయించాడు, ముత్తాత చేత ఫిరంగి గుండు పట్టించాడు, తనని రాజమండ్రి హాస్టల్లోంచి ఘాజీ మునిగిన రాత్రిలోకి తెచ్చుకున్నాడు. తాను నిజంగా చూసినదాన్ని మాత్రం డ్యూటీ అంటాడు. అది చెప్పమని ఎవరూ అడగలేదు కాబట్టి, అది చెప్పుకోదగ్గ సంగతని ఆయనకి తట్టలేదు.

కాబట్టి విశాఖపట్నం వెళ్లేవారికి ఒక విన్నపం. కొండెక్కండి. ఘాజీ కథ పూర్తిగా విని, ఫోను జేబులోనే ఉంచుకోండి. అది పుస్తకాల్లో ఉంది, సినిమాగా కూడా వచ్చింది, ఎక్కడికీ పోదు. కథ అయ్యాక, "బాబాయ్, మీరు ఏ బెర్తు మీద చేసేవారు, ఏ సరుకు దించేవారు?" అని అడగండి. ఆ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. చెప్పగలిగిన బాబాయిలు ఏటేటా తగ్గిపోతున్నారు. కంటెయినర్లు వచ్చాక మూటలు లెక్కపెట్టేవాళ్ల పని ఎలాగూ తగ్గిపోయింది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకోండి. తేదీలు మాత్రం పిన్నిని అడిగి వేసుకోండి.